కూలీల కొండమీద చోటు

గంజి గిన్నె పక్కకు నెట్టి చియా ఎంగ్ సూన్ చెప్పుల కోసం కాళ్లు చాపాడు. కాళ్లు వాచిపోయి చెప్పుల్లో పట్టడం లేదు. పినాంగ్ రేవులో అందరూ తౌకే, అంటే షావుకారు, అని పిలిచే ఆయనకు బియ్యం కొట్లున్నాయి, సొంత బ్యాంకుంది, ఆయన కట్టించిన ఆసుపత్రి ఉంది. చెప్పులు తొడగడానికి మాత్రం భార్య గియోక్ నియో వంగాల్సి వచ్చింది.

"డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. నువ్వేమో కొండెక్కుతానంటావు" అంది ఆవిడ.

"మెట్లన్నాడు. కొండ మాటెత్తలేదుగా."

"సముద్రం ఎదురుగా మంచి చోటు చూసి సమాధి కట్టించుకున్నావు. పక్కన నాకూ చోటుంచావు. ఇప్పుడు ఆ రాయి పీకించి దిక్కులేనోళ్ల మధ్యకి మోయిస్తావా? పిల్లలకి కలిసొస్తుందా ఇది?"

ఆయన గోడ పట్టుకుని లేచాడు.

కూలీల కొండమీద ఉన్నవాళ్లు ఒకప్పుడు ఆయనతో కలిసి బస్తాలు మోసినవాళ్లు. ఆయన బ్యాంకు ద్వారానే చైనాలో ఇంటికి డబ్బు పంపి పంపి, ఇక్కడే పోయినవాళ్లు. వాళ్ల శవపేటికలు ఆయనే ఇప్పించాడు. ఇప్పుడు దొరలు ఆ సమాధులు తవ్వి, ఎముకలన్నీ ఒకే గుంటలో పోసి, కొండమీదుగా తమ బంగళాలకు రోడ్డు వేస్తామంటున్నారు. ఆయన పెట్టిన అర్జీలు పనికిరాలేదు. పేరున్న చీనా మనిషి సమాధి జోలికి మాత్రం దొరలు రారు. రేవంతా తిరగబడుతుందని భయం.

రిక్షా కొండ కింద ఆగింది. కుర్చీలో మోస్తామన్నవాళ్లను కసిరి, సమాధి సమాధికీ ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కాడు. పైన రాతిపనివాడు హోక్ అప్పటికే రాయి నిలబెట్టి, చెక్కిన పేరులో ఎర్రరంగు నింపుతున్నాడు. బతికున్నవాడి పేరు ఎరుపు. పోయాక బంగారు రంగు.

కబురు తెలిసి రోడ్డు ఇంజనీరు దొర కూడా వచ్చాడు. చాలా ఏళ్లుగా పినాంగ్‌లో ఉన్నవాడే, ఎరుపంటే ఏమిటో తెలుసు. చేతికర్రతో ఎర్రక్షరాలు తట్టి చూశాడు.

"లోపల మనిషి లేడు కదా, చియా గారూ. ఖాళీ సమాధి నాకు అడ్డం కాదు. అమావాస్య దాటగానే తవ్వేస్తాం."

"అయితే మీరు కాస్త నెమ్మదిగా రండి దొరా. నేను కాస్త తొందరగా వస్తాను."

హోక్ చేతిలో కుంచె ఆగిపోయింది. "అవేం మాటలు తౌకే! నోటికి హద్దుండక్కర్లా?"

"నువ్వు మందంగా పూయకురా. మళ్లీ గీకాల్సింది నువ్వే."

దొర నవ్వలేదు. టోపీ సర్దుకుని దిగిపోయాడు. ఎంగ్ సూన్ ఆ రాతికే ఆనుకుని, ఎండ తగ్గేదాకా కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున వసారాలో టీ చల్లారిపోతోంది. కుర్చీలో మనిషి కూర్చున్నది కూర్చున్నట్టే ఉన్నాడు. గియోక్ నియో పిలిచింది. మళ్లీ పిలిచింది. తర్వాత చెయ్యి పట్టుకు చూసి, పక్కనే కింద కూర్చుంది.

పెద్దకొడుకు కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. "రాయి వెనక్కి తెప్పిస్తానమ్మా. సముద్రం వైపే పెడదాం. నాన్న పంతం నాన్నతోనే పోయింది."

"ఎవరు చెప్పార్రా నీకు, పోయిందని?" ఆవిడ లేచింది. "కొండమీదికే మొయ్యండి. పక్కనే నాకూ ఒక రాయి వేయించు. నా పేరు ఎర్రగా రాయించు. మొగుడు చాలకపోతే పెళ్లాం కూడా వస్తుందని ఆ దొరతో చెప్పు."

ఆ రోజు రేవులో ఒక్క బస్తా కదల్లేదు. కూలీలు భుజాలు మార్చుకుంటూ పేటికను కొండమీదికి మోశారు.

అమావాస్య దాటింది. తవ్వేవాళ్లు రాలేదు. రోడ్డు కోసం తెచ్చిన ఇనుప రోలరు కొండ కిందే ఉండిపోయింది. దానిమీద ఎవరో ఆడమనిషి ఉప్పుచేపలు ఎండబెట్టుకుంది.