కింది గొంతు

మిక్సీలో కొబ్బరి చట్నీ తిరుగుతుంటే ఆ రొదకు కింద గొంతు కలపడం నాకు అలవాటు. ఎప్పుడు మొదలుపెడతానో నాకే తెలియదు. "ఏంటే ఆ మగోడి గొంతు, పొద్దున్నే!" అని హాల్లోంచి అత్తయ్య కేకేసినప్పుడే తెలుస్తుంది. విజిట్ వీసా మీద మస్కట్ వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడకు ఇక్కడి ఎండా, నా గొంతూ రెండూ పడటం లేదు. ఎండకైతే ఏసీ ఉంది. నా గొంతుకు అలాంటి ఏర్పాటేమీ లేదు కాబట్టి నేనే నోరు మూసుకుంటాను.

ఈ గొంతు మా నాన్న ఒక్కడికే నచ్చింది. నాన్న గోదావరి పక్కన మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. అక్కణ్ణించి వెళ్ళిపోతూ ఒక దొరసాని ఇచ్చిన క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్నాడు. అన్నీ డూ-వాప్ పాటలు. వాయిద్యాలు కొనుక్కోలేని కుర్రాళ్ళు అమెరికాలో వీధి మూలల్లో నిలబడి, డోలూ తంబురా అన్నీ నోటితోనే పలికిస్తూ పాడుకున్నవని చెప్పేవాడు. ఒకడు ముందు నిలబడి ప్రేమ కథ చెబుతుంటే మిగతావాళ్ళు వెనక డూ, డమ్, షూ అంటూ ఉంటారు. ఊళ్ళో అమ్మలక్కలు నా గొంతు విని మూతి తిప్పుకుంటుంటే నాన్న మాత్రం ఆ అట్టడుగు డమ్ డమ్ వినిపించి, "ఇది తీసేస్తే పాట కూలిపోద్దే కృపా" అనేవాడు. డెబ్భై ఏళ్ళ నాటి ఆ పాటలు ఈ రోజుకీ ఏ విందులో పాడినా జనం పళ్ళేలు పట్టుకుని ఆగిపోతారు. అంత చిన్న సంగతిలో అంత సంతోషం ఎందుకుందీ అంటే, నాకు తెలిసింది ఒక్కటే. ఆ పాట పాడాలంటే నలుగురూ ఒకరినొకరు వినాలి. ఎవరూ వినని ఇంట్లోంచి వచ్చినవాళ్ళకు అది చూస్తే కళ్ళు చెమ్మగిల్లుతాయి.

మాది అల్ అమెరాత్‌లో అద్దె ఫ్లాటు. నేను ఒక ఆసుపత్రిలో నర్సును. మా ఆయన ప్రేమ్ సాగర్ రుసైల్‌లో ఒక గోడౌన్‌కి సూపర్‌వైజరు. నాన్న పాటలు నేను నేర్పితేనే మా నలుగురి గుంపు పుట్టింది. ముందు మా ఆయన, పై గొంతుకు నా వార్డులో పనిచేసే సెలిన్, మధ్యలో మేం ఆరాధనకెళ్ళే తెలుగు ఫెలోషిప్‌లోని ప్రసాద్ బాబు, అడుగున నేను. గొంతులు మోగుతాయని మా బిల్డింగ్ మెట్ల మీద ప్రాక్టీసు చేసేవాళ్ళం. ఇన్నేళ్ళలో నా వంతుకు అర్థమున్న మాట ఒక్కటీ రాలేదు, అన్నీ డమ్ డమ్‌లే. అయినా వారమంతా ఆ మెట్ల కోసమే ఎదురుచూసేదాన్ని. వార్డులో పేషెంట్ల ఊపిరి వినాలి. ఇంట్లో అత్తయ్య పిలుపు, కుక్కర్ కూత, ఆయన చిరాకు వినాలి. రోజంతా నేను వినే మనిషిని. మెట్ల మీద మాత్రం ముగ్గురు నన్ను వినేవాళ్ళు.

అందులో ఒక చిన్న కిటుకుంది. మా ఆయనకు ఉత్సాహమొస్తే శృతి పైకి జారిపోతుంది. జనం చప్పట్లు కొడితే మరీను. అప్పుడు నేనూ ఆయనతోపాటు కొంచెం కొంచెంగా పైకి జరుగుతాను, నన్ను పట్టుకుని సెలిన్, ప్రసాద్ బాబు కూడా జరుగుతారు. విన్నవాళ్ళకు అనుమానం కూడా రాదు. ఆయనకూ తెలియదు, పాపం. తెలియకుండా చేసేదానికి మనిషిని ఏమంటాం? ఇంట్లోనూ ఆయన జారిన చోటల్లా అలాగే జరుగుతూ వచ్చాను.

పోయిన నెల ఒక పెళ్ళిలో నేను డమ్ డమ్ అనగానే ముందు వరస ఘొల్లుమంది. సంతోషపు నవ్వది, నాకు తెలుసు. అత్తయ్య మాత్రం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇంటికొచ్చాక మా ఆయన మొదలుపెట్టారు. "నవ్వుతున్నారు కృపా. అమ్మ తలెత్తుకోలేకపోతోంది."

"బాగుండి నవ్వారండీ."

"ఏదైనా నవ్వే కదా. ఓ పని చేద్దాం. నీ పార్ట్ ఫోన్లో రికార్డు చేసి స్పీకర్లో పెడదాం. గొంతు వస్తే చాలు, మనిషి కనపడక్కర్లేదుగా. ఈసారి ఫెలోషిప్ వార్షికోత్సవంలో వడ్డనకు కూడా మనుషుల్లేరట."

ఆ వారంలోనే ఒక సాయంత్రం, డ్యూటీ నుంచి వచ్చి ఇంకా యూనిఫామైనా మార్చుకోలేదు. గ్యాస్ మీద చారు పొంగుతోంది. ఆయన ఫోన్ నా మొహం ముందు పెట్టారు. వద్దనాలనుకున్నాను. వద్దంటే వారం రోజులు ఇంట్లో మాటలుండవు, అత్తయ్య అన్నం మానేస్తుంది, మళ్ళీ బతిమాలాల్సింది నేనే. పాడాను. పక్కన పాడేవాళ్ళెవరూ లేరు కాబట్టి ఎక్కడా జరగాల్సిన పని లేకపోయింది, మొదలెట్టిన చోటే ముగించాను. మర్నాడు చెబితే సెలిన్ సూదిమందు ట్రే పక్కన పెట్టేసింది. "ఎలా ఒప్పుకున్నావక్కా? పోనీ నేనడగనా?" అంది. మళ్ళీ తనే, "నేనడిగితే నా పార్ట్ కూడా ఫోన్లో పెట్టేస్తారేమో" అంది. ఇద్దరం నవ్వాం గాని, కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని.

వార్షికోత్సవం శుక్రవారం, ఇక్కడ సెలవు రోజు. ఆరాధన అయ్యాక అదే హాల్లో భోజనాలు. వెనక బిర్యానీ డేగిసా దగ్గర గరిటతో నేను, ముందు స్టేజీ మీద వాళ్ళు ముగ్గురు. స్పీకర్లోంచి నా గొంతు మొదలైంది. నా గొంతు అక్కడ పాడుతుంటే నేనిక్కడ "రైతా వెయ్యనాండీ" అని అడుగుతున్నాను. చచ్చిపోయాక కూడా ఇలాగే ఉంటుందేమో అనిపించింది.

రెండో చరణంలో చప్పట్లు పడ్డాయి. ఆయన పైకి జారారు. స్పీకర్లోని నేను జరగలేదు. ఫోనుకు ఆయన్ను వినే పని లేదు కదా. సెలిన్ ఆయన వెంట పోవాలో నా వెంట రావాలో తెలియక మధ్యలో ఆగిపోయింది, ప్రసాద్ బాబు నోరు ఊరికే ఆడిస్తున్నాడు. పాట విరిగిన పాలలా అయింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. అత్తయ్య వరస మధ్యలోంచి పరుగున వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "చూస్తావేంటే, పాడవే! నా కొడుకు పరువు పోతంది!"

పాడకూడదనే అనుకున్నాను. ప్రభువు తోడు, పళ్ళు బిగించి నిలబడ్డాను. కానీ ఆయన గొంతు ఇంకొంచెం పైకి ఎక్కేసరికి నా గొంతు దానంతటదే లేచింది. డేగిసా వెనక, గరిట చేతిలో, ఎవరికీ కనపడకుండా. ప్రసాద్ బాబు చటుక్కున స్పీకర్ ఆపాడు, సెలిన్ నన్ను పట్టుకుని పైకొచ్చింది, పాట నిలబడింది. నా మీద నాకే అసహ్యం వేసింది. హాలు లేచి చప్పట్లు కొట్టింది. ఆయన వంగి దండం పెట్టి, "చిన్న టెక్నికల్ ప్రాబ్లమ్, సరిచేశాం" అన్నారు మైకులో. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

ఇంటికెళ్తూ కార్లో ఆయన హుషారుగా ఉన్నారు. వెనక సీట్లో అత్తయ్య కునుకు తీస్తోంది. "ఆ ట్రాక్ పనికిరాదు. రేపు డ్యూటీ నుంచి రాగానే మళ్ళీ చేద్దాం. నేను పైకి పోయే చోట నువ్వూ పైకి పోయేలా పాడు" అన్నారు.

కొండల మధ్య రోడ్డు కిందికి దిగుతోంది. నాకు చెవుల్లో గుయ్యిమంది. "మీరు పైకి పోతారని మీకు తెలుసా?" అని అడిగాను.

"తెలీకపోవడమేంటి?" నవ్వారాయన. "మొదట్నుంచీ తెలుసు. నువ్వు సర్దుతావనేగా నా ధైర్యం."

నేను కిటికీ వైపు తిరిగాను. ఇన్నేళ్ళూ, తెలియదనే ఆయన్ని క్షమిస్తూ వచ్చాను.