ఎనిమిది గుండుసూదులు

ఎడమ మోచేతిని పెడల్ మీద ఆనించి, పదిహేనో లంగా అంచును ఏవ్రిల్ సూది కిందికి జరిపింది. కాలితో తొక్కాల్సిన పెడల్, ఆమె కాళ్లు పని మానేసిన నాటినుంచి బల్ల మీదే ఉంటోంది. మోచెయ్యి నొక్కితే మిషను కదులుతుంది, ఎత్తితే ఆగుతుంది. అక్కడి చర్మం కాయ కాచి నల్లబడింది. చక్రాల కుర్చీ చేతికి కత్తెర వేలాడుతోంది, మెడలో టేపు. నరాల జబ్బు రాకముందు ఇరవై ఎనిమిదేళ్లు న్యూపోర్ట్ కోట్ల ఫ్యాక్టరీలో గుండీల కాజాలు కుట్టిన చేతులు. ఇప్పుడు వణుకుతాయి కానీ గుడ్డ అందితే నిలబడతాయి.

మార్చి ఒకటో తారీఖు దేశ పండక్కి పాతకాలపు వేషం కట్టే బడిపిల్లలకి ఎర్ర లంగాలు కావాలి. ఏటా ఆమే కుడుతుంది, ఊరికే.

కిటికీ తెర అంచున వరుసగా ఎనిమిది గుండుసూదులు ఉన్నాయి. నెలకొకటి. తొమ్మిదోది, నీలం తలది, గట్టుమీద విడిగా ఉంది. అది గుచ్చిన నాటినుంచి బిల్డింగు ఖర్చుల్లో ఆమె వాటాను, పని చేయలేనివాళ్లకి భృతి ఇచ్చే సర్కారు సాయం ఆఫీసు కడుతుంది. పైకప్పు, మెట్ల దీపాలు, లిఫ్టు. అద్దెకున్నవాళ్లకి ఇవన్నీ మొదటి నెలనుంచే వస్తాయి. ఏవ్రిల్‌ది సొంతిల్లు. మునిసిపాలిటీ చవగ్గా ఇస్తోందని వాళ్లమ్మ ఎప్పుడో కొన్న రెండు గదులు. సొంతిల్లయితే తొమ్మిది నెలలు వరుసగా ఆగాలి, మధ్యలో ఒక్క పెన్నీ కూడా సంపాదించకూడదు. ఈ ఎనిమిది నెలలూ ఆ వాటాను ఆమె హీటరు ఆపి కట్టింది. రెండు స్వెట్టర్ల మీద అమ్మ కోటు వేసుకుని కుడుతోంది. ఇంకో శీతాకాలం ఇలా గడపలేనని ఆమెకు తెలుసు.

పదకొండింటికి బడి గుమాస్తా బెనన్ గారు లంగాల కోసం వచ్చింది. పెనం మీద కాల్చిన ఎండుద్రాక్ష బిళ్ల ఒకటి నోట్లో వేసుకుని, నవ్వు ఆపుకోలేక చెప్పేసింది.

"ఈసారి ఊరికే కుట్టించుకునేది లేదన్నారు మా హెడ్మాస్టరమ్మ. లంగాకి రెండు పౌండ్లు, మొత్తం ముప్పై. పొద్దున్నే మీ ఖాతాలో వేయించాను."

"నేనడగలేదే."

"మీరు అడగరనే గదా ఇన్నేళ్లూ అందరం వాడుకున్నాం. జీతాల పట్టీలోనే ఎక్కించాను ఏవ్రిల్ గారూ, అంతా పద్ధతిగా."

ఏవ్రిల్ థాంక్సండీ అంది. మిగిలిన బిళ్లలు పొట్లం కట్టి ఇచ్చింది. ఆ మనిషి మొహంలో అంత సంతోషం చూశాక ఇంకేం చెప్పగలదు?

పద్నాలుగు లంగాలు బడికి వెళ్లాయి. పదిహేనోది మూడో అంతస్తులో అద్దెకుండే కెరిస్ కూతురు నియాది. మామూలుగా అయితే కెరిసే కిందికొచ్చి తీసుకెళుతుంది. ఇవాళ ఏవ్రిల్‌కి ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. లంగా ఒళ్లో పెట్టుకుని లిఫ్టు దగ్గరకు కుర్చీ నడిపింది. కింది అంతస్తు మనిషి. పదమూడేళ్లుగా దానికి వాటా కడుతోంది గానీ ఎక్కడం ఇదే మొదలు. కుర్చీ పట్టీ పట్టనట్టు పట్టింది.

తలుపు తీసిన కెరిస్ చంకలో పిల్లాడు. "రండి రండి, లిఫ్టు ఓనరు గారు వేంచేశారు," అంది.

కిటికీలోంచి నది కనబడింది. ఆటు మీద ఉంది, నీళ్లు తగ్గి బురద మెరుస్తోంది. ఏవ్రిల్ చాలాసేపు చూసింది.

"ఇదన్నమాట నేను డబ్బు పోసింది. బురద బాగానే ఉంది పిల్లా."

తర్వాత ముప్పై పౌండ్ల సంగతి చెప్పింది. కెరిస్ పిల్లాణ్ణి ఆ చంకనుంచి ఈ చంకకు మార్చింది.

"చెప్పకండి ఆంటీ. ముప్పై పౌండ్లకు ఎవడు చూస్తాడు?"

"జీతాల పట్టీలో పడింది. వాళ్లకి కనబడుతుంది. నేను చెప్పకపోతే దొంగనవుతాను."

"చెబితే ఏమవుతారు?"

ఏవ్రిల్ ఒళ్లోని లంగా మడత తీసింది. నడుము దగ్గర ఓసారి లాగి చూసి, కెరిస్‌కి ఇచ్చి, "వచ్చే ఏడాదికి అంచు విప్పుకో, రెండంగుళాలు లోపల వదిలాను," అని చెప్పి కిందికొచ్చింది.

సాయం ఆఫీసుకు ఫోను చేస్తే, నలభై నిమిషాలు సంగీతం వినిపించాక ఒక కుర్రగొంతు పలికింది.

"ముప్పై పౌండ్లు పడ్డాయి బాబూ. నేను అడగలేదు. వెనక్కి ఇచ్చేస్తాను."

"పని చేశారా మేడమ్?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పదిహేను లంగాలు. ఒక్క కుట్టు వంకర లేదు.

"చేశాను."

"అయితే సంపాదనే. తిరిగిచ్చినా సంపాదనే."

"మరి నా ఎనిమిది నెలలు?"

కీబోర్డు టకటకలాడింది. "మళ్లీ మొదటినుంచి లెక్క, మేడమ్. ఇంకేమైనా సాయం కావాలా?"

"ఇదే ఎక్కువైంది నాయనా."

నిరుడు ఆ ఆఫీసువాళ్లే ఆమె కాళ్లూ చేతులూ చూసి, ఈ మనిషి ఏ పనీ చేయలేదని కాగితం రాసిచ్చారు. ఆ రోజు ఆమె ఇంటికొచ్చి ఏడ్చింది. ఇవాళ పని చేశావని ఒప్పుకున్నారు. ఇవాళ ఏడుపు రాలేదు.

సాయంత్రం కిటికీ దగ్గరకు జరిగి సూదులు ఒక్కొక్కటే పీకింది. పీకి, సూదులు గుచ్చే చిన్న దిండుకు గుచ్చింది. ఎనిమిదోది జారి కిందపడింది. ఆమె కిందికి వంగలేదు. మెడలోని టేపు చివర అయస్కాంతం కట్టి పైకి లాగింది. హీటరు వైపు చూడలేదు. అమ్మ కోటు గుండీలు పెట్టుకుంది.

మార్చిలో పిల్లలు ఎర్ర లంగాలతో కిటికీ ముందునుంచి పాడుకుంటూ వెళ్లారు. ఏప్రిల్లో చలి విడవలేదు, ఆమె దగ్గూ విడవలేదు. మే మొదటివారంలో, రెండు రోజులుగా మిషను చప్పుడు లేదని కెరిస్ తలుపు కొట్టి, తోసుకుని లోపలికొచ్చింది. ఏవ్రిల్ మోచెయ్యి పెడల్ పక్కకి జారి, చల్లబడి ఉంది. మిషను దీపం ఇంకా వెలుగుతోంది.

ఆమె పోయాక బాకీపడ్డ వాటా కింద ఇల్లు అమ్మకానికి పెట్టారు. సామాను మోసే మనుషులు మిషను, బల్ల, కుర్చీ పట్టుకుపోయారు. పాతదని తెర వదిలేశారు. దాని అంచున వరుసగా ఎనిమిది సన్నని చిల్లులు. మొదటి రెండు చిల్లుల్లో, మార్చికీ ఏప్రిల్‌కీ, మళ్లీ గుచ్చిన రెండు గుండుసూదులు. రెండోది, తొమ్మిదో నెలకని దాచిన నీలం తలది.