తిరగవాత పెట్టిన నేరేడు సాసు

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా ఆయన దేవేంద్రప్పను కోసిగికి బదిలీ చేయబోతున్నారని తెలిసింది. ఆఫీసరుగారి సంతకం ఒక్కటే తరువాయి. కోసిగి మీద నాకు పగేమీ లేదు. మా పెద్దమ్మ కూతుర్ని ఆ ఊరికే ఇచ్చారు. కాని మా పిల్లవాడు ప్రకాశానికి పుట్టినప్పటినుంచి ఆయాసం. దగ్గు పట్టుకుందంటే పెదవులు నీలం తిరుగుతాయి. ఇక్కడైతే చంకనేసుకుని పరిగెత్తితే పెద్దాసుపత్రి. అక్కడైతే ఆదోనికి పోయే రైలు కోసం స్టేషనులో కూర్చోవాలి. రైలు మా వాడి దగ్గు విని వస్తుందా?

సంతకం ఆఫీసరుగారి చేతిలో ఉన్నా, ఆ చెయ్యి భార్య విశాలాక్షమ్మగారి చేతిలో ఉందని ఆఫీసులు నడిచే గుడారాల గుంజలకు కూడా తెలుసు. ఆమె మద్రాసు నుంచి వచ్చారు. ఈ రాజధానిలో ఎండ, బండలు, గుడారాలు తప్ప ఏమీ లేవనీ, భోజనమయ్యాక ఒక పుడ్డింగైనా పెట్టడం తెలియని మనుషుల మధ్య పడ్డామనీ కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంటారట. మా ఆయన ఆ మాటను బంగారంలా మూటగట్టుకుని ఇంటికి తెచ్చాడు.

"ఆదివారం మనోని పుట్టినదినమని వాళ్లిద్దరినీ పిలిచినా. వస్తామన్నారు. నువ్వు పుడ్డింగు చేయల్ల. దాని మీద పండ్ల సాసు పోయల్ల."

"సాసంటే ఏంది?"

"పండ్లు ఉడకబెట్టి, పిసికి, వడగట్టి, తీపి వేసి దగ్గరికి కాచేదే. హెడ్డు గుమాస్తా చెప్పినాడు."

"మనం ఓళిగ మీద మామిడి రసం పోసుకుంటాం గదప్పా, అట్లాంటిదేనా?"

"ఓళిగ నాటు. ఇది ఇంగ్లీషు."

బొబ్బట్టును మేము ఓళిగంటాం. దాని మీద పోస్తే నాటు, పుడ్డింగు మీద పోస్తే నాగరికం. నన్ను థర్డు ఫారంలోనే బడి మాన్పించారు గాని, ఫోర్తు ఫారంలో ఈ తేడా చెప్పి ఉండేవారేమో.

మామిడి అప్పటికే అయిపోయింది. బజారులో నేరేడుపండ్లు బుట్టలకు బుట్టలు దిగాయి. ఆదివారం పొద్దున్నే కడిగి, అవి మునిగీ మునగనంత నీళ్లు పోసి ఉడకబెట్టాను. మెత్తబడ్డాక పిసికి, గింజలు తీసి, పలచటి గుడ్డలో వడగట్టాను. ఇంట్లో ఉన్న చక్కెరంతా పాలలో రవ్వ ఉడికించిన పుడ్డింగుకే పోయింది. సాసులో బెల్లం కొట్టి వేశాను. నిమ్మకాయ పిండి, పొయ్యి మీద పెడితే నల్లగా, నిగనిగలాడుతూ, గరిటెకు అంటుకునేట్టు చిక్కబడింది. చెప్పొద్దూ, చూడ్డానికి అచ్చం బెల్లం పులుసే.

మనవడి పుట్టినరోజని మా అత్త ఈరక్క ఆలూరు నుంచి వచ్చి ఉంది. పొయ్యి దగ్గర కూర్చుని, ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకింది.

"ఏమ్మే గంగా, ఇదేం పులుసే?"

"పులుసు కాదత్తా, సాసు."

"సాసంటే ఏం పులుసే?"

నేను జవాబు చెప్పేలోగా లోపలి గదిలో వాడు దగ్గాడు. ఆ దగ్గు విన్నాక నాకు పొయ్యి గుర్తుండదు, అత్త గుర్తుండదు. పరిగెత్తి వాణ్ణి ఎత్తుకుని వీపు రాస్తూ, పెదవుల రంగు చూస్తూ నిలబడ్డాను. దగ్గు తగ్గింది. అంతలో వాకిట్లో జట్కా ఆగింది. "రండమ్మా, రండి సార్" అంటూ మా ఆయన గొంతు వినిపించింది. అదే క్షణంలో వంటింట్లో సుయ్యిమంది. వెనకే ఆవాలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి కలిసిన వాసన.

"అత్తా! ఏం జేసినావు?"

"ఏం జేస్తా? నువ్వు తిరగవాత మర్చిపోయి పోతివి. ఉప్పన్నా ఎయ్యకపోతివి. నేను చూసినా కాబట్టి సరిపాయె."

"అది తీపి మీద పోసుకునేదత్తా!"

"తీపి మీద పులుసు పోసుకుంటారా? వాళ్లకేం తెగులే?" అని, గొంతు తగ్గించి, "బిడ్డ పుట్టినదినం నాడు తిరగవాత లేనిది ఎవరన్నా పెడతారా? చావింట్లో గదే అట్లా తినేది!" అంది.

మా వైపు అంతే. మనిషి పోయిన ఇంట్లో పెద్దదినం కర్మ అయ్యేదాకా పొయ్యి మీద తిరగవాత సుయ్యిమనకూడదు. శుభమున్న ఇంట్లో సుయ్యిమనక తీరదు. మనవడి ఆయుష్షు కోసం ఆమె నూనెకు కూడా వెనకాడలేదు. అది సాసు మీద తేలుతూ ఉంది. ఏమని తిట్టను?

మా ఆయన తలుపులోంచి తల పెట్టాడు. "ఏందే ఈ వాసన?"

"మీ యమ్మ ఇంగ్లీషు వంట చేసినాది."

"తీసెయ్! గరిటెతో ఏరెయ్!"

మిరపకాయలు ఏరాను. కరివేపాకు ఏరాను. ఆ నలుపులో ఆవాలు యాడ దొరుకుతాయి?

పుడ్డింగు ఒట్టిదే తీసుకుపోయాను. విశాలాక్షమ్మగారు చెంచా పట్టుకుని, "సాసేదమ్మా? సాసు లేనిది పుడ్డింగే కాదు," అన్నారు. ఇక గత్యంతరం లేదు. పోశాను.

ఆమె ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు. పంటి కింద ఆవాలు చిట్లిన చప్పుడు నాకు వినిపించింది. ఆ ముఖం ఒక్క క్షణం మా అందరి ముఖాల్లాంటిదే అయింది. వెంటనే మద్రాసు ముఖం మళ్లీ తగిలించుకున్నారు.

"ఇది ఘాటు సాసు కదూ! మద్రాసులో ఒక దొరగారి విందులో తిన్నాను. అందరికీ కుదిరేది కాదు. ఏమండీ, మీకు గుర్తుందా?"

ఆఫీసరుగారి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. "గుర్తుంది," అన్నారు.

మా అత్త గడపలోంచి, "ఇంగ రోంత పొయ్యే, అయ్యకు కండ్లెంబడి నీళ్లొస్తాండాయి, అంత బాగుండాది!" అంది. పోశాను.

"దీని పద్ధతి చెప్పమ్మాయ్. మా మహిళా సమాజంలో చేసి చూపిస్తాను," అన్నారు విశాలాక్షమ్మగారు.

నిజం చెబితే ఆమె పరువు పోతుంది. ఆమె పరువు పోతే మా మూటాముల్లె కోసిగికి పోతుంది. చంకలో మా వాడి ఊపిరి ఇంకా గురగురమంటూనే ఉంది.

"చెబితే వచ్చేది కాదమ్మా," అన్నాను. "పక్కన నిలబడి చేయి పట్టి చూపించాలి. నూనె ఎప్పుడు కాగిందో వాసన బట్టి తెలుసుకోవాలి. నాలుగు వారాలన్నా పడుతుంది. మేమేమో ఒకటో తేదీకంతా కోసిగిలో ఉంటాము."



"కోసిగా?" ఆమె భర్త వైపు తిరిగారు. "ఏమండీ, ఈ పిల్లను ఎక్కడికో పంపుతున్నారట?"

ఆఫీసరుగారి నోటినిండా పుడ్డింగు ఉంది. ఎలాగో మింగారు. "పంపడం లేదు... నీళ్లు!" అన్నారు.

కోసిగికి పెళ్లికాని గుమాస్తా ఎవరో వెళ్లాడు. మహిళా సమాజంలో నా చేత చేయించి పెట్టిన ఆ సాసు తిన్న ఆఫీసర్ల భార్యల్లో ఒకామె అది ఊటీలో తిన్నానన్నది, ఇంకొకామె బెంగుళూరులో తిన్నానన్నది. తినలేదన్న ఆడది ఒక్కతీ లేదు. మా అత్త ఆలూరు పోయి, రాజధానిలో ఆఫీసర్ల పెండ్లాలకు పులుసు నేర్పి వచ్చానని చెప్పుకుంటోంది. అదీ అబద్ధం కాదు.

ఆ మధ్య ప్రకాశానికి మళ్లీ ఆయాసం వచ్చింది. ఏ రైలు కోసమూ ఎదురుచూడలేదు. పరిగెత్తాను, అంతే.

ఆదివారం ఆదివారం ఆఫీసరుగారింట్లో ఆ సాసు నేనే చేసి వస్తున్నాను. నేర్పడం ఇంకా పూర్తికాలేదు, కానివ్వను కూడా. మొన్న ఆఫీసరుగారు మా ఆయనను గుడారం వెనక్కు పిలిచి, అటూ ఇటూ చూసి, "ఏమయ్యా, మీ ఆవిడతో చెప్పి ఆ వెల్లుల్లి ఒక్కటి మాన్పించరాదూ?" అన్నారట.

"నేనేం చేసేదప్పా? అమ్మగారినే అడగమను," అన్నాను.

ఆ ధైర్యం ఆఫీసరుగారికి లేదు. ఉన్ననాడు మేము కోసిగికి పోవాల్సిందే.