గీతలు పొంగిన రోజు

"బన్నుకి ఆపరేషనేమిటే? కత్తి పెట్టి కోసుకు తింటే సరిపోదూ!" అంది అత్తగారు.

కోడలు మోచేతుల దాకా పిండిలో ఉంది. ముద్దను అరచేతి మొదలుతో ముందుకు నెట్టి, మడిచి, వెనక్కి లాగుతూ గొంతు పెంచింది. "బన్ను కాదత్తయ్యా, కన్ను! అక్కకి కంటి ఆపరేషను, రేపు పొద్దున."

"రేపు పొద్దున్నే కావాలిటా? ఎన్ని డజన్లు?"

కోడలు పిండి వేలితోనే తన కుడికన్ను చూపించింది. రెప్ప మీద మైదా మచ్చ పడింది. అప్పటికి తెలిసింది ముసలావిడకి. "అయ్యో, కన్నా!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

ఆవిడ చెవులు రిటైరై ఆరేళ్ళయింది. మొన్నటికి మొన్న "నారింజ తొక్క అయిపోయింది" అంటే "నా రింగు తొక్కిందెవరే?" అని మంచం కిందంతా వెతికించింది. కన్నుకీ బన్నుకీ తేడా ఒక్క అక్షరం. ఆ అక్షరానికి ఇవతల కోడలు, అవతల నాలుగు గంటల బస్సు ప్రయాణం దూరంలో అక్క.

వీధిలో అందరికీ ఈ కోడలు బన్నొదిన. తనకన్నా పెద్దవాళ్ళు కూడా వదిననే అంటారు. నలభై ఆరేళ్ళ మనిషి. కనుబొమల్లో ఏది నెరుపో ఏది మైదానో సాయంత్రం మొహం కడుక్కుంటే గానీ తేలదు. వంటగది పొడవు పదడుగులు, వెడల్పు ఆరు. అందులో సగం ఓవెన్‌ది. దాని తలుపు తెరిస్తే మనిషి పక్కకి తిరిగి గోడకి అంటుకోవాలి. కిటికీ ఉంది గానీ ట్రేల స్టాండు అడ్డం రావడంతో తెరుచుకునేది జానెడు. ఇరవై రెండేళ్ళుగా అక్కడ ఉన్నది ఓవెన్, దాని ముందు వంగిన ఓ వెన్ను. మైదా తప్ప మైదానం చూసి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

ఈ ఇంటి బన్నుల నెత్తిన తెల్లటి గీతలుంటాయి, నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. లోపల నాలుగు రుచులు: నారింజ తొక్క, యాలకులతో ఎండుద్రాక్ష, కాఫీ, చాక్లెట్. ఈస్టు మాత్రం కొనరు. పాతపిండి ఉంటుంది. పొద్దున జాడీలోంచి దాన్నంతా తీసి కొత్తపిండిలో కలుపుతారు. జాడీ కడిగి బోర్లిస్తారు. కలిపిన ముద్దలో చక్కెరా రుచులూ పడకముందే గుప్పెడు తీసి పళ్ళెంలో పక్కన పెడతారు. ఆ గుప్పెడే మర్నాటి పాతపిండి. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి దానికి మైదా, నీళ్ళు తినిపించాలి. ఒక పూట మానేస్తే నల్లనీళ్ళు తేలి అలుగుతుందనీ, రెండు పూటలు మానేస్తే చస్తుందనీ ఇంట్లో గట్టి నమ్మకం.

నలభై ఏళ్ళ కిందట అత్తగారు మొదలుపెట్టిన పిండి అది. కోడలు మనసులో దానికి చిన్నత్త అని పేరు పెట్టుకుంది. వేళకి పెట్టకపోతే పులుస్తుంది, పెడితే పొంగుతుంది, తను గడప దాటదు, ఇంకొకర్ని దాటనివ్వదు. అత్తగారు కూడా దాని కిందే నలిగింది. సొంత చెల్లెలి పెళ్ళికి ఆవిడ వెళ్ళలేదు. ఆల్బమ్ మాత్రం వచ్చి ఆవిణ్ణి చూసి వెళ్ళింది.

పొద్దున ఆరున్నరకి భర్త అట్టపెట్టెలు చంకన పెట్టుకుని వచ్చాడు. స్కూటరు మీద దుకాణాలకి బన్నులు చేర్చడం, పెట్టెల మీద లేబుళ్ళు అంటించడం ఆయన పని. లేబుల్ మీది వాక్యం ఆయన సొంత కవిత్వం: 'నలభై ఏళ్ళ పిండి, నిమిషంలో మీ నోటికండి!'

"ఏమండీ, అక్కకి రేపే ఆపరేషనట. పది రోజులు రోజుకి నాలుగుసార్లు కంట్లో చుక్కలు వెయ్యాలిట. ఒంటి మనిషి. సాయంత్రం ఐదున్నర బస్సుకి వెళ్తాను."

"వెళ్ళు. నేను వద్దన్నానా?" పెట్టె అంచులు మడుస్తూ అన్నాడాయన. "మరి పిండో?"

"మీరు చూడండి. పూటకి గుప్పెడు మైదా, గ్లాసుడు నీళ్ళు. అంతే కదా."

"నా చేతికి పిండి కలిసిరాదే. నీకు జ్వరమొచ్చినప్పుడు ఏమైందో మర్చిపోయావా?"

ఎవరూ మర్చిపోలేదు. ఏడేళ్ళ కిందట ఒకే ఒక్కరోజు ఆమె మంచం పడితే, ఆయన పిండికి వేణ్ణీళ్ళు పోశాడు. పిండి స్పృహ తప్పింది. అత్తగారు జాడీకి శాలువా చుట్టి సాయంత్రం దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే మళ్ళీ బుడగ కనిపించింది. జ్వరం వచ్చిన మనిషి శాలువా లేకుండానే లేచింది.

"చుక్కలదేముంది, ఎవరైనా వేస్తారు. పిండి అట్లా కాదు. వచ్చే నెల చేయించుకోమను మీ అక్కని. కన్నెక్కడికి పోతుంది? మొహం మీదే ఉంటుందిగా."

ఆయన చెడ్డవాడు కాదు. ఆమె లేని వంటగది ఎలా ఉంటుందో ఊహించుకోవడం ఆయనకి రాదు, అంతే. ఓవెన్ లేచి ఊరెళ్తానంటే కూడా ఇలాగే మర్యాదగా కారణం చెప్పి ఆపేవాడు. స్కూటరు స్టార్టయిన చప్పుడు వీధి చివరిదాకా వెళ్ళి తగ్గిపోయింది. ఆ చప్పుడు వెళ్ళినంత దూరం కూడా ఆమె వెళ్ళలేదు.

ముద్దలోంచి గుప్పెడు తీసింది. స్టీలు పళ్ళెంలో పెట్టి, తడిగుడ్డ కప్పి, ఆ జానెడు కిటికీ దగ్గర గట్టు మీద గాలి తగిలేట్టు ఉంచింది. మిగతాది నాలుగు బేసిన్లలోకి పంచింది. నారింజ తొక్క సన్నగా తరిగి ఒకదాంట్లో, నానబెట్టిన ద్రాక్ష పిండేసి యాలకుల పొడితో ఇంకోదాంట్లో. కాఫీ డికాక్షన్ పడ్డ ముద్ద మొదట మరకలు మరకలుగా అసహ్యంగా ఉంటుంది. తిట్టుకుంటూ కలిపితే తప్ప దారికి రాదు. చాక్లెట్ ముక్కలు చేతివేడికి కరగకముందే ముద్దలో దాక్కోవాలి. ఈ నాలుగూ ఆమెకి వాసనతో పని లేకుండా బరువుతోనే తెలుస్తాయి. పొంగేది పిండి, కుంగేది నడుం. మధ్యాహ్నానికల్లా రెండూ తమ పని పూర్తి చేశాయి.

ఎనభై నాలుగు ఉండలు చుట్టింది. అరచేతి కింద గుండ్రంగా తిరుగుతున్న ఉండను చూస్తే ఆమెకి ఎప్పుడూ ఒకటే అనిపిస్తుంది: ఎంత తిరిగినా ఉన్నచోటే ఉంటుంది.

ఒంటిగంటకి ఉండలు మళ్ళీ ఉబ్బి ఒకదానికొకటి ఆనుకున్నాయి. ట్రేలు తెచ్చి వంటగది బల్ల మీద, అత్తగారి ముందు పెట్టింది. ఈ ఇంట్లో గీతలు గీసేది అత్తగారే. డెబ్బై ఎనిమిదేళ్ళకి ఆవిడకి మిగిలిన ఉద్యోగం అది. మైదా గిన్నె, నీళ్ళ చెంబు, కొస కత్తిరించిన ప్లాస్టిక్ సంచీ ముందు పెడితే, మైదాని తనే జారుగా కలుపుకుని, సంచీలో నింపి, వరసపెట్టి గీస్తుంది. అందరి నుదుటి గీతలూ ఎవరో పైవాడు రాస్తాడంటారు. బన్నుల నుదుటి గీతలకి మాత్రం ఆవిడే పైవాడు.

కోడలు ఫోను తీసుకుని పెరటి మెట్ల మీదికి వెళ్ళింది.

"అక్కా, కుదరట్లేదే."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. "పిండేనా?"

"ఊఁ."

"సర్లే. కింద వాటా అమ్మాయిని అడుగుతా. పాపం దానికి పరీక్షలు. అయినా వేస్తుందిలే." తర్వాత అలవాటైన వేళాకోళం గొంతులోకి తెచ్చుకుంది. "ఏడుస్తున్నావా ఏంటే? కంటికి గంత కట్టేది నాకు కదా. నాకు పది రోజుల్లో విప్పేస్తారు. నీకు..."

ఆ మాట అక్కడే వదిలేసింది. మళ్ళీ మిషను చప్పుడు. సూదిలో దారం ఎక్కించుకోలేక రెండేళ్ళుగా పక్కవాళ్ళని పిలుస్తున్న మనిషి, ఏం కుడుతోందో ఎట్లా కుడుతోందో.

ఆమె మెట్ల మీద ఇంకాసేపు కూర్చుంది. పక్కింటి గోడ, తీగ మీద ఆరేసిన ట్రే గుడ్డలు, పైన చిన్న చదరం ఆకాశం. ఆ చదరం కూడా ట్రే అంతే ఉంది.

లోపలికి వచ్చేసరికి గీతలు అయిపోయాయి. అత్తగారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. కోడలు ట్రేలు ఒక్కొక్కటే ఓవెన్‌లోకి తోసి, గోడకి అంటుకుని, తలుపు మూసింది.

పది నిమిషాలకి వాసన మారింది. వెన్న, నారింజ, యాలకులు, వాటన్నిటి మీదా సన్నగా ఒక పులుపు. వంగి అద్దంలోంచి చూసింది. ఎప్పుడూ రిబ్బన్లలా తెల్లగా, సాపుగా, బన్ను ఎంత ఉబ్బినా తాము బిగుసుకుని ఉండే గీతలు ఇవాళ లేస్తున్నాయి. కదులుతున్నాయి. లావెక్కి, అంచులు దాటి, పక్క బన్ను భుజం మీదికి ఒరుగుతున్నాయి. వట్టి మైదా, నీళ్ళు పొంగవు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ పొంగలేదు.

ఆమె వెనక్కి తిరిగింది.

బల్ల మీద మైదా గిన్నె నిండుగా, పొడిగా ఉంది. వేలి గుర్తు కూడా లేదు. కిటికీ గట్టు మీద స్టీలు పళ్ళెం ఖాళీ. పక్కన తడిగుడ్డ నాలుగు మడతలు పెట్టి ఉంది. కుర్చీ నుంచి ఆ గట్టుకి ఐదడుగులు. అత్తగారు చేతికర్ర లేకుండా ఒక్క అడుగు వెయ్యలేదు, ఎవరూ అడగకుండా కుర్చీలోంచి లేవదు. కర్ర ఇప్పుడు కుర్చీకి ఎడంపక్క ఉంది. పొద్దుటి నుంచీ కుడిపక్క ఉండేది.

"అత్తయ్యా..."

ముసలావిడ కళ్ళు తెరిచింది. "బస్సు ఐదున్నరకేగా?"

ఆ మాట ఆవిడకి ఎవరూ గట్టిగా చెప్పలేదు. కోడలు ఓవెన్ గుడ్డతో కళ్ళు తుడుచుకుంది.

"కాలిపోతున్నాయేమో చూడు," అంది అత్తగారు.

మూడున్నరకి పక్కింటి పంతులమ్మ వచ్చింది, స్కూల్లో టీచర్ల మీటింగుకి చెప్పిన రెండు డజన్ల కోసం. బన్నుల్ని చూసి కళ్ళజోడు సవరించుకుంది. "ఇదేంటి బన్నొదినా, గీతలు ఇంత ఒళ్ళు చేశాయి? మా హెడ్‌మాస్టారి కనుబొమల్లా ఉన్నాయి!" ఒకటి తుంచి నోట్లో వేసుకుంది. "ఆఁ, కానీ బాగుంది. గీత కూడా మెత్తగా ఉంది."

అప్పుడే స్కూటరు ఆగింది. భర్త లోపలికి వచ్చి, బన్నుల్ని చూసి, కిటికీ వైపు చూసి, బోర్లించిన జాడీ ఎత్తి లోపల చూశాడు. మొహం పాలిపోయింది. "పిండి ఏదీ? పక్కన పెట్టిన ముద్ద ఏదీ?"

కోడలు నోరు విప్పబోయింది. అత్తగారి కర్ర నేల మీద టక్కుమంది.

"నేనే కలిపేశానురా. అందరూ వినండి, మళ్ళీ మళ్ళీ చెప్పలేను. గీతలకి మైదా అనుకుని ఆ ముద్దని నీళ్ళలో జారుగా పిసికేశాను. కళ్ళు మసక, ఏం చెయ్యను. అదే గీతలై, ఓవెన్లో పొంగి, ఇదిగో ఇట్లా తగలడింది. దీని తప్పేం లేదు, ఇది అప్పుడు పెరట్లో ఉంది."

"అమ్మా, నలభై ఏళ్ళ పిండి!" ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "లేబుళ్ళు రెండువేలు కొట్టించాను!"

"అందులో ఒక బన్ను నేను తిన్నానండీ," అంది పంతులమ్మ, తప్పు చేసినదానిలా.

"మిగతావి మీ టీచర్లు తింటారు, మంచిదే," అంది ముసలావిడ. "ఒరేయ్, ఏడవకు. మొదట దాన్ని పుట్టించింది నేనే కదా. మైదా, నీళ్ళు, రోజూ కాస్త ఓపిక. కొత్తది పొంగడానికి పది రోజులు. నా ముందు జాడీ పెట్టండి, కూర్చున్నచోటే చూసుకుంటాను."

"పది రోజులు ఓవెన్ వెలగదా?"

"వెలగదు. ఈ పది రోజులూ ఇది ఇక్కడుండి ఏం చేస్తుంది, చల్లటి ఓవెన్‌కి కాపలానా?"

ఆయన తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. చేతిలో ఖాళీ జాడీ ఉంది. వేలితో దాని అడుగు గీకి చూసుకున్నాడు. కారణాలు చెప్పడంలో ఆయనది అందెవేసిన చెయ్యి, కానీ పిండి లేకుండా చెప్పగలిగిన కారణం ఒక్కటీ దొరకలేదు.

"బస్టాండు మా స్కూలు పక్కనే," అంది పంతులమ్మ. "ఆటోలో నాతో రా, వదినా."

రెండు చీరలు, దువ్వెన, సంచీలో అక్క కోసం నారింజ బన్నులు నాలుగు. అంతకన్నా సర్దుకోవడానికి ఏమీ కనిపించలేదు. వెళ్ళే ముందు అత్తగారి దగ్గర వంగి "వెళ్ళొస్తానత్తయ్యా" అంది, గట్టిగా అనలేదు. ముసలావిడ అప్పటికే కొత్త జాడీలో మైదా వేసి నీళ్ళు పోస్తోంది. తల ఎత్తకుండానే, పిండంటిన చేత్తో పొమ్మన్నట్టు ఊపింది. ఆ చెయ్యి మళ్ళీ జాడీలోకి వెళ్ళింది.

"ఎప్పుడొస్తావే?" గుమ్మం దగ్గర అడిగాడు భర్త.

"చుక్కలు అయిపోయాక," అందామె. ఏ చుక్కలో, ఎన్నో ఆయన అడగలేదు. ఆటో మలుపు తిరిగింది.

ఆయన వంటగదిలోకి వచ్చి లైటు వేశాడు. తలుపు వెనక మేకుకి ఆమె ఏప్రన్ వేలాడుతోంది. ముడి విప్పే ఓపిక లేక తలమీదుగా లాగేసినట్టుంది. వెనక ముడి ఎప్పటిలా బిగుసుకునే ఉంది, ఆమె నడుమంత ఖాళీని చుట్టుకుని.