మధ్య అరలో తాతయ్య

పొద్దున్నే బస్సు డిపో వెనకున్న గది తలుపు తీసి, నేల ఊడ్చి, రాత్రికి రాత్రి వచ్చి చేరిన వస్తువులను అరల్లో సర్దడం మామ్మ పని. ఆ ఊళ్ళో ఎవరికి ఏది పోయినా తెల్లారేసరికి అది ఆ గదిలో ఉంటుంది. ఎవరూ తెచ్చిపెట్టరు. అదే వస్తుంది. గొడుగులు, ఒంటి చెప్పులు, కట్టుడు పళ్ళు సరేసరి. ఎవరికైనా నిద్ర పోతే అది కూడా బూడిదరంగు దూది ఉండలా వచ్చి పడి ఉంటుంది. దాన్ని కాగితం సంచిలో మూతి మడిచి ఇవ్వాలి, లేకపోతే ఇచ్చేవాళ్ళకి ఆవలింతలు మొదలవుతాయి. ఒక పంతులమ్మగారి ఓపిక తరచూ జాడీలో వచ్చేది, పట్టుకుంటే వెచ్చగా.

"పిల్లలకి పరీక్షలా అమ్మా?" అనేది మామ్మ జాడీ అందిస్తూ.

"కాదండీ, మా ఆయనకి సెలవులు," అనేదావిడ.

ఆ గదికి పద్ధతంటూ ఒకటుంది. వెతికేవాళ్ళున్న వస్తువే అక్కడికి వస్తుంది. కావాలని పారేసింది రాదు, అది చెత్తబండిలో పోతుంది. వచ్చిన వస్తువు కూడా గుర్తులు చెప్పి తీసుకెళ్ళేదాకా గుమ్మం దాటదు. ఒకాయన తొందరపడి తన కళ్ళజోడు తనే తీసుకుని జేబులో వేసుకుపోతే, ఆయన వీధి చివరికి చేరేసరికి అది మళ్ళీ అరెక్కి కూర్చుంది. అన్నట్టు, ఆయన కళ్ళజోడు లేకుండా వెనక్కి వస్తూ నా సైకిలునే గుద్దాడు. అది వేరే కథ.

మామ్మకి ఒక అన్నయ్య ఉన్నాడు. టైలరు. చర్చిలో బాప్తిస్మం తీసుకునేవాళ్ళకి తెల్ల అంగీలు కుట్టేది ఆయనే. కానీ చర్చి లోపలికి మాత్రం వెళ్ళేవాడు కాదు. భార్యను మట్టిలో పెట్టిన రోజున, అందరూ వింటుండగా ఆకాశం వైపు చూసి, "ఇవాళ్టితో నీకూ నాకూ చెల్లు!" అన్నాడు. అన్నవాడు అన్నట్టే ఉన్నాడు. తరవాత కోపం చల్లారింది. చల్లారాక భయం పట్టుకుంది. ఆదివారాలు చర్చి బయటి మెట్ల మీద కూర్చుని, కిటికీలోంచి వచ్చే పాటలు విని, అందరూ లేచేలోపే ఇంటికి వెళ్ళిపోయేవాడు.

ఆ ఏడు ఆయన మనవరాలు బాప్తిస్మానికి సిద్ధపడింది. ఆ చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. నీళ్ళలో మునిగి లేచినవాళ్ళకి ఇంట్లోని విశ్వాసి ఒకరు తొట్టి గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడాలి. ఆ తువ్వాలు తాతయ్యే పట్టుకోవాలని పిల్ల పట్టుబట్టింది.

శనివారం పొద్దున టైలరు షాపులోనే ఆ గొడవ తేలాల్సి వచ్చింది. పాస్టరుగారు ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చి స్టూలెక్కి నిలబడ్డారు. ఆయన వియ్యంకుడు, సంఘపెద్ద అయిన పళ్ళ డాక్టరు, కుర్చీలో కూర్చున్నాడు. టైలరు నోట్లో గుండుసూదులు పెట్టుకుని నేల మీద మోకరించి ఉన్నాడు. మనవరాలు గుమ్మంలో నిలబడి ఉంది.

"నేను పట్టుకోకూడదు తల్లీ," అన్నాడు సూదులు తీసి. "దేవుడిచ్చిన నా రక్షణ ఎప్పుడో పోయింది."

"పోదయ్యా," అన్నారు పాస్టరుగారు స్టూలు మీంచి. "కాపరి చేతిలోంచి గొర్రెని ఎవరూ లాక్కోలేరని రాసుంది."

"లాక్కోలేరు సరే బావగారూ," అన్నాడు డాక్టరు. "గొర్రే గెంతితే? వెలుగు చూసి, రుచి చూసి, తరవాత తప్పుకున్నవాళ్ళని మళ్ళీ దారికి తేవడం కుదరదని కూడా రాసుంది కదా. తోముకోకపోతే ఎంత గట్టి పన్నైనా ఊడుతుంది. రోజూ చూస్తున్నాను."

"మీకు లోకమంతా నోరులాగే కనిపిస్తుంది."

"మీకు లోకమంతా గొర్రెల్లా కనిపించడం లేదూ?"

"కదలకండి పాస్టరుగారూ, సూది గుచ్చుకుంటుంది," అన్నాడు టైలరు.

మనవరాలు వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. "తాతయ్య పట్టుకోకపోతే నేను నీళ్ళలో దిగను. అంతే," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ పిల్లది వాళ్ళ నాయనమ్మ మాటతీరు. అంతే అన్నదంటే అంతే.

సాయంత్రం టైలరు షాపు మూసి, ఎన్నడూ తొక్కని చెల్లెలి గది గుమ్మం తొక్కాడు. చెల్లెలు స్టూలు వేసింది. ఆ పోయిన రక్షణ కోసం ఇద్దరూ కలిసి కింది అర నుంచి పై అర దాకా వెతికారు. ఎవరిదో ధైర్యం ఉంది, అగ్గిపెట్టెంత. ఎవరిదో చిన్నప్పటి పాట ఉంది, మధ్యలో తెగి. టైలరుది ఏమీ లేదు.

"లేదన్నయ్యా. ఇక్కడ లేదంటే పోలేదన్నమాట," అంది మామ్మ సంబరంగా.

"కాదు చెల్లీ. ఇక్కడ లేదంటే పారేశానన్నమాట. అందరూ వింటుండగా పారేశాను." ఆయన లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "పిల్లకి నువ్వే చెప్పు. తువ్వాలు నువ్వే పట్టుకో."

మామ్మ స్టూలు తీసి పక్కన పెట్టింది. గది పద్ధతి ఆవిడకి తెలిసినంతగా ఆయనకీ తెలుసు.

ఆదివారం చర్చికి ముందు మామ్మ గది కాసేపు తెరుస్తుంది. శనివారాలు జనం ఎక్కువ పోగొట్టుకుంటారు. తలుపు తీసేసరికి మధ్య అరలో, ఒక పంజరానికీ ఒక గొడుగుకీ నడుమ, మెడలో కొలతల టేపుతో టైలరు కూర్చుని ఉన్నాడు.

"ఇక్కడేం చేస్తున్నావన్నయ్యా?"

"నాకేం తెలుసు? ఇంట్లో పడుకున్నాను. లేచేసరికి ఇదీ వరస."

కిందికి దిగి గుమ్మం దాకా నడిచాడు. మరుక్షణం మళ్ళీ అరలో ఉన్నాడు. రెండోసారీ అంతే. అప్పటికే బయట నలుగురు నిలబడ్డారు.

"పెద్దాయనా, కాస్త జరగండి. మీ వెనకాల నా టోపీ ఉంది," అన్నాడొకడు.

టైలరు జరిగాడు.

మామ్మ కబురు పంపింది. మనవరాలు తాతయ్య కుట్టిన తెల్ల అంగీ వేసుకుని, చేతిలో తువ్వాలుతో పరుగున వచ్చింది. వెనకాలే రొప్పుతూ పాస్టరుగారు, డాక్టరుగారు.

మామ్మకి అన్నయ్యే కావచ్చు, పద్ధతి పద్ధతే. "ఈ వస్తువు నీదేనా?" అని అడిగింది.

పిల్ల ఆలోచించింది. "నాది కాదు మామ్మా. దీన్ని వెతుకుతున్న ఆయన ఒకడున్నాడుగా. ఆయన తరఫున వచ్చాను."

"గుర్తులు చెప్పు."

"కుడిచేతి చూపుడువేలి మీద సూదిపోట్లు. చెవి వెనక సుద్దముక్క." అని పిల్ల వంగి తన అంగీ అంచు తిరగేసి పట్టుకుంది. మడత లోపల ఎర్రదారంతో చిన్న ముడి ఉంది. "కుట్టిన ప్రతి అంగీలో ఇది వేస్తాడు. చర్చి బీరువాలో పాతవన్నీ తిరగేసి చూశాను. నాయనమ్మ పోయాక కుట్టినవాటిలో కూడా ఉంది. ముడి వేసేటప్పుడు పెదాలు కదుపుతాడు. ఏంటి తాతయ్యా అంటే, కొలతలు అంటాడు."

"కొలతలే," అన్నాడు టైలరు, అరలోంచి.

"కుట్టడం అయిపోయాక కొలతలేంటి తాతయ్యా? ఆ అంగీ ఎవరిదో వాళ్ళ పేరు నాకు వినపడింది. వాళ్ళని కాపాడమని ఎవరితో చెబుతున్నావ్? చెల్లు అన్నావుగా ఆయనతో!"

టైలరు టేపు కొసను వేలికి చుట్టుకున్నాడు. "చేతి అలవాటమ్మా," అన్నాడు.

"అయితే పోయినట్టే కదా బావగారూ," అన్నాడు డాక్టరు మెల్లిగా. "అరలో ఉన్నాడుగా."

"పోయింది ఆయన రక్షణ కాదండీ, ఆయనే. వెతికేవాళ్ళున్నదే కదా ఇక్కడికొచ్చేది," అన్నారు పాస్టరుగారు.

డాక్టరు నోరు తెరిచి, మళ్ళీ మూశాడు. పళ్ళ డాక్టరు నోరు మూయడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు.

"గుర్తులు సరిపోయాయి. తీసుకెళ్ళు," అంది మామ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. టైలరు మనవరాలి చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని గుమ్మం మీద కాలు పెట్టాడు. ఈసారి గుమ్మం వదిలింది.

చర్చి మెట్ల దగ్గర అలవాటుకొద్దీ కూర్చోబోయాడు. పిల్ల కూర్చోనివ్వలేదు.

ఆమె నీళ్ళలో మునిగి లేచేసరికి గట్టు మీద తాతయ్య తువ్వాలు చాపి ఉన్నాడు, అంగీ కొలత తీసేటప్పటిలా చేతులు రెండూ బారజాపి. ఆమెను చుట్టేశాడు. తల తుడుస్తుంటే ఆయన పెదాలు కదులుతున్నాయి. ఎవరూ ఏంటని అడగలేదు.

వెనక బల్ల మీద డాక్టరు మామ్మ వైపు వంగాడు. "అంతా బాగానే ఉంది గానీ మామ్మగారూ, ఈయన మళ్ళీ గెంతితే?"

"మధ్య అర ఖాళీగానే ఉంచుతాలెండి," అంది మామ్మ, పాట పుస్తకం తిప్పుతూ.