లస్మవ్వ అడిగిన పర్మిషన్

నేను ఠాణాలో రైటరుగా పనిచేసినన్నాళ్లూ దొంగల కన్నా పెళ్లికొడుకులే నన్ను ఎక్కువ సతాయించారు. ఊరి పేరెందుకు లెండి, ఆసిఫాబాదుకూ కాగజ్‌నగరుకూ నడుమ ఉంటుంది. దొంగ ఎప్పుడో ఒకసారి దొరికేవాడు. పెళ్లికొడుకులు మాత్రం మాఘమాసం వచ్చిందంటే చాలు, మేనమామలను వెంటేసుకొని నా బల్ల ముందు వరుస కట్టేవారు. బరాతు, అదే పెళ్లి ఊరేగింపు, తీయాలంటే పర్మిషన్ కావాలి మరి. నిజాము రోజుల్లో దాన్నే ఇజాజత్ అనేవారు. రాజ్యం మారింది, మాట మారింది, రాసేవాడి వేళ్ల నొప్పి మాత్రం మారలేదు.

పెళ్లిళ్లొక్కటేనా! పీరీల సవారీ, గణపతి నిమజ్జనం, ఎన్నికలప్పుడు పార్టీల జులూసులు, ఆఖరికి సర్కసువాడు ఏనుగును ఊరంతా తిప్పాలన్నా నా దగ్గరికే రావాలి. ఏ తారీఖు, ఏ తోవ, జిమ్మేదారు ఎవరు అని అడిగి రాయడం నా పని. జిమ్మేదారు అంటే రేపు ఏదన్నా గొడవైతే ఠాణాకు వచ్చి జవాబు చెప్పవలసిన మనిషి. అన్నీ కుదిరాక అమీను సాబు, అంటే మా ఎస్సై, సంతకం పెడతాడు. సంతకం పడ్డ ప్రతి ఊరేగింపుకూ ముందర ఒక పోలీసు జవాను నడవాలి. అది ఖాయిదా.

ఆ జవాను ఎప్పుడూ అంబదాసే. రాజురా వైపు మనిషి, తెలుగులో సగం మరాఠీ కలిపి వడ్డించేవాడు. లాఠీ అడ్డంగా పట్టుకొని "బాజూ! బాజూ!" అని అరుస్తూ నడిస్తే ఎంత పెద్ద షావుకారైనా పక్కకు జరగాల్సిందే. ఊళ్లో అందరి పెళ్లిళ్లలోనూ ముందు నడిచింది వాడే, ఏ పెళ్లిలోనూ బంతిలో కూర్చోమని వాడిని పిలిచినవాళ్లు లేరు. అరుగు మీద విస్తరేసి పెట్టేవారు. వాడికి ఆ ఫికరే లేదు, లడ్డూలు మూట కట్టుకొని వచ్చేవాడు.

నా సంగతి చెప్పేదేముంది, ఒంటికాయ సొంఠికొమ్మును. నాది మంథని. భార్య పోయింది, పిల్లలు కలగలేదు. ఠాణా వెనక గదిలో వండుకొని తినేవాడిని. పండక్కి అందరూ సెలవు అడిగేవారు, నేను అడగను గనుక అమీను సాబుకు నేనంటే చాలా గౌరవం.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఒక ముసలామె వచ్చి నా బల్ల ముందు గోడకానుకొని కూర్చుంది. ఎక్కడో చూసినట్టుంది గానీ ఎక్కడో తట్టలేదు. ఆమే చెప్పింది, పేరు లస్మవ్వ అని, బరాతుల్లో గ్యాసులైటు నెత్తిన పెట్టుకొని నడిచే మనిషినని. అప్పుడు గుర్తొచ్చింది. ఎన్ని బరాతులు చూశానో! లైట్లు చూశాను, లైటు కింద ఎవరున్నారో ఏనాడూ చూడలేదు. ఎవరు చూస్తారు, వెలుగంతా పెళ్లికొడుకు మీదే కదా పడేది.

"బాంచెన్ సారు, నాకో పర్మిషన్ రాసియ్యున్రి" అన్నది.

"ఎవరి పెండ్లే అవ్వా?"

"పెండ్లి గాదు."

"మరి? పోచమ్మకు బోనాలా?"

"గాదు సారు. నేను సచ్చిన్నాడు తీసేటిది."

నాకు ఒళ్లు మండింది. బల్ల నిండా పని ఉంది, పైగా ఎండ. "నెత్తి గిట్ల ఖరాబైందా ఏందే? సావుకు పర్మిషన్ ఎక్కడన్న ఉంటదా? అక్కరలేదు. ఎవలంటె వాళ్లు పోవచ్చు, ఎవలంటె వాళ్లు ఎంబడి రావచ్చు."

"అక్కర లేకనే గద సారు, నా ఎంబడి ఎవలు రారు" అన్నది లస్మవ్వ. "పర్మిషన్ ఉన్నకాడికి జవాను రాక తప్పదు గద. నేను ఎన్నేండ్ల సంది సూస్తున్న. ఎంత బీదోని పెండ్లైనా, కాయిదం ఉంటె జవాను వస్తడు."

నా కలం ఆగిపోయింది. ఆమె మాత్రం అంగట్లో కూరగాయలు అడిగినంత మామూలుగా చెప్పుకుపోయింది. ఖానాపూర్ దిక్కు నుంచి మొగుడి వెంట సడక్ పనికి వచ్చిందట. మొగుడు జ్వరంతో పోయాడు. అక్కడి అయినవాళ్లు ఉన్నారో లేరో తెలియదు, ఉన్నా ఆమె ఉందని వాళ్లకు తెలియదు. పశువుల అంగడి వెనక గుడిసె. నిరుడు ఎండాకాలంలో మోటరు అడ్డా దగ్గర నాగయ్య అనే బిచ్చగాడు చచ్చిపోతే, గోనెపట్టా కప్పి ఎడ్లబండిలో వెనక గల్లీ నుంచి తీసుకుపోయారు. లావారిస్ శవాన్ని, అంటే దిక్కూమొక్కూ లేని శవాన్ని, తీసుకుపోయేది అట్లాగే. బండి వెనక ఒక జవాను బీడీ తాగుతూ నడిచాడు. అది లస్మవ్వ చూసింది.

"గట్ల ఎన్కనుంచి గాదు సారు. జవాను ముంగట నడువాలె. పెద్ద బజార్ల నుంచి పోవాలె. నేను లైటు పట్టుకొని తిరిగిన తొవ్వే, కొత్త తొవ్వ అడుగుతలేను."

"తారీఖు?" అన్నాను, అట్లాగైనా లేచి పోతుందేమోనని.

"దేవుడు నాకు జెప్తె నీకు జెప్పనా?"

"జిమ్మేదారు ఎవరు? ఎవరి పేరు రాయాలె?"

అంతసేపూ టకటకా మాట్లాడిన మనిషి అక్కడ ఆగిపోయింది. "అరుసుకొని వస్త" అని లేచి వెళ్లింది. పీడ వదిలిందనుకున్నాను.

వదల్లేదు. లస్మవ్వ నిజంగానే ఊరి మీద పడింది. ముందు గ్యాసులైట్ల దుకాణం ముత్యం సేటును అడిగింది. తర్వాత శంకరవ్వ ఇంటికి వెళ్లింది. ఆ ఇంట్లో ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లకూ లైటు మోసింది కనుక కాదనదని ఆమె ధైర్యం. కానీ మన దగ్గర ఎవరైనా ఒప్పుకుంటారా? చచ్చాక పాడె మోయడం పుణ్యం. బతికున్న మనిషి చావుకు ముందే జిమ్మేదారీ ఎత్తుకుంటే యముడికి పేరు చెప్పి ఇంటికి పిలుచుకున్నట్టే. పైగా శంకరవ్వ ఇంట్లో చిన్నకూతురు కడుపుతో ఉంది. లస్మవ్వ గడప దిగీ దిగకముందే శంకరవ్వ వాకిట్లో పేడనీళ్లు చల్లించింది. ఆమెను తప్పుపట్టను, నా తల్లి బతికి ఉంటే ఆ పనే చేసేది.

ఊరంటే నోరు కదా. లైటు మోసే ముసలిది ఇల్లిల్లూ తిరిగి చావు మాట అడుగుతోందని అందరికీ తెలిసిపోయింది. చావును వెంటేసుకొని తిరిగేదాన్ని పెళ్లికి ఎవరు రానిస్తారు? లగ్గాలు ముమ్మరంగా ఉన్నప్పుడే ముత్యం సేటు ఆమెను పిలవడం మానేశాడు. చచ్చాక తోడు అడగబోయి, బతికుండగా ఉన్న కాస్త తోడూ పోగొట్టుకుంది పిచ్చిది.

వైశాఖం గడిచాక మళ్లీ వచ్చింది. సగమైపోయింది మనిషి.

"సారు, గా పర్మిషన్ రద్దు జెయ్యి."

"ఇయ్యందాన్ని ఎట్ల రద్దు జేస్తనే?"

"ఇచ్చినట్టు రాసి, రద్దు జెయ్యి. ముత్యం సేటుకు సూపిస్త. ఇగ సావ అని జెప్త."

నవ్వొచ్చింది. నవ్వాను కూడా. ఆమె నవ్వలేదు. కొంగుతో మొహం తుడుచుకొని అన్నది: "గుడిసెల కూసుంటె పొద్దు పోతలేదు సారు. లైటు నెత్తిన ఉన్నప్పుడు సుత నాతోని ఎవలు మాట్లాడకపోదురు. అయినా నల్గురి నడుమ నడుస్తుంటి గద. గదే సాలు నాకు. గది సుత పాయె."

ఆ మాట నాకు గుచ్చుకుంది. పొద్దుగూకి అందరూ ఇళ్లకు పోయాక ఠాణాలో నేను లాంతరు ముట్టించి, చదివిన కాయితాలే మళ్లీ చదివేవాడిని. గదిలోకి పోతే మాట్లాడేవాళ్లు ఉండరని. ఠాణాలో మాత్రం ఎవరున్నారు? అయినా అక్కడ కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చే వీలుంది కదా. లస్మవ్వకు లైటు ఎట్లాగో నాకు ఆ బల్ల అట్లాగన్నమాట.

ఒక కాయితం తీశాను. తోవ: పశువుల అంగడి నుండి పెద్ద బజారు మీదుగా వాగు వరకు. తారీఖు: తర్వాత తెలుపబడును. సర్కారీ భాషలో ఇటువంటి సుఖాలు కొన్ని ఉన్నాయి. జిమ్మేదారు అన్నచోట ఒక పేరు రాశాను.

"ఎవలి పేరు రాసినవ్ సారు?"

"నాదే."

ఆమె గబుక్కున లేచి నా చెయ్యి పట్టుకుంది. "అద్దు సారు, అద్దు! ఇంట్ల అమ్మగారుంటది, పిల్లలుంటరు. కీడు తాకుతది. కొట్టెయ్యి!"

"నాకు ఎవరు లేరే."

చెయ్యి వదిలేసింది. నన్ను కిందికీ మీదికీ చూసింది, ఏదో జబ్బు మనిషిని చూసినట్టు. "అయ్యో, గట్లనా!" అన్నది. తర్వాత మెల్లగా, "మరి నీది ఎవలు రాస్తరు సారు?"

జవాబు లేనప్పుడు మగవాడికి కోపం వస్తుంది. "ముందుగాల నీది కానియ్, నా సంగతి నీకెందుకు, పో!" అని కసిరాను. ఆ కాయితాన్ని పది కాయితాల నడుమ పెట్టి అమీను సాబు ముందుంచితే, ఆయన వక్క నములుతూ అన్నింటి మీదా సంతకం గీకేశాడు.

తర్వాత ముత్యం సేటు దగ్గరికి నేనే వెళ్లాను. జిమ్మేదారీ నాదేనని, ఆమె ఇక ఎవరినీ అడగదని, పనికి పిలవమని చెప్పాను. "సూద్దాం సారు" అన్నాడు. ఆ 'సూద్దాం'కు అర్థం నాకు తెలుసు, రోజుకు పదిమందితో నేనే అంటుంటాను. పిలవలేదు. ఆమె మాత్రం బరాతు కదిలిందంటే వచ్చేది. నెత్తి మీద ఏమీ లేకుండా, లైట్ల వరుసకు ఇవతల, అంచున నడిచేది. పెళ్లివాళ్లు చిరాకుపడితే అంబదాసు, "అరె, సడక్ సర్కారుది బాబా, నడువనీ" అనేవాడట. నాకు వాడే చెప్పాడు.

భాద్రపదంలో వారం రోజులు ముసురు పట్టింది. వాన తెరిపిచ్చిన రోజు పొద్దున్నే అంబదాసు వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. వాడు అమీను సాబు ముందు తప్ప టోపీ తీయగా నేను చూడలేదు.

"లింగమూర్తి సాబ్, ముసలామె పోయింది. గుడిసెల ఉన్నది. తారీఖు రాయున్రి."

రాశాను.

పాడె మోయడానికి మనుషులు కావాలి కదా. అంబదాసు మోటరు అడ్డాకు పోయి నలుగురు హమాలీలను నిలబెట్టి, అమీను సాబు సంతకం చూపించి, సర్కారీ హుకుం, రాకపోతే కేసవుతుంది అని దబాయించాడు. ఆ కాయితంలో అటువంటి ముక్క ఏదీ లేదు. వాళ్లకు చదువు రాదు, వాడికీ రాదు. నలుగురూ మారు మాట్లాడకుండా వచ్చారు. తలకు తుండుగుడ్డ చుట్టుకొని అగ్గికుండ నేను పట్టుకున్నాను. నా కులమేమిటి, ఆమె కులమేమిటి అని ఊరు ముక్కున వేలేసుకుంది. వేసుకోనీ.

పెద్ద బజారులోకి మళ్లగానే అంబదాసు లాఠీ అడ్డం పట్టి "బాజూ! బాజూ!" అని మొదలుపెట్టాడు. ఆ అరుపు చెవిన పడితే మా ఊళ్లో అందరూ గడపలోకి వస్తారు, అలవాటు. ఆ రోజూ వచ్చారు. పెళ్లికొడుకు కోసం అటూ ఇటూ చూశారు. పాడె కనబడగానే సగం మంది లోపలికి పోయారు, మిగతావాళ్లు పైట నోటికడ్డం పెట్టుకున్నారు. బండ్లు ఆగాయి. షావుకారు ఒకాయన గొడుగు ముడిచి పక్కకు జరిగాడు. లస్మవ్వకు దారి దొరికింది. ఎంబడి నడిచినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

శంకరవ్వ గడప దాటకుండా నిలబడింది. పాడె మీది మొహం చూసింది గానీ, అంతగా చిక్కిపోయిన మనిషిని పోల్చుకోలేదు.

"ఎవలు సారు?"

"లస్మవ్వ."

"లస్మవ్వనా? ఏ లస్మవ్వ?"

"నీ బిడ్డల పెండ్లికి లైటు పట్టినామె."

"అయ్యో, గామెనా! పేరు లస్మవ్వనా?" అన్నది. తర్వాత నా చేతిలో కుండ చూసి అడిగింది. "నీకు ఏమైతది సారు?"

పర్మిషన్ ప్రకారం నేను జిమ్మేదారును. ఆ మాటే చెప్పబోయాను.

"మా ఇంటి మనిషి" అన్నాను.

ఎవరినన్నా పట్టుకొని ఆ మాట అని ఎన్నేళ్లయిందో. అన్నాక దుఃఖం ఆగలేదు, నడిబజారులో నిలబడి ఏడ్చేశాను. హమాలీలు భుజం మార్చుకున్నారు. మళ్లీ మబ్బు పడుతోందని, వాగు పొంగకముందే పోవాలని అంబదాసు ముందు నుంచి కేకేశాడు. కుండ సర్దుకొని వాడి వెనక నడిచాను.