ఎంపీ వెంటపడ్డ కోడి

ఇంగ్లండులోని హోంబెక్ ఊరి సంతలో, చేపల కొట్టు ముందు పసుపుపచ్చ కోడి వేషం వేసుకుని నిలబడ్డ మనిషి లొరేన్ ఎంట్‌విసిల్ అని మొదటిరోజు ఎవరూ పోల్చుకోలేదు. అరవై దాటిన ఆవిడ. ఆ ఊరి బడిలో పిల్లలకి అన్నం వండి వడ్డించి రిటైరైంది. అలాంటి మనిషి ఈకలు కట్టుకుని వీధిలోకి వచ్చిందంటే కారణం ఊరి ఎంపీ ఆలిస్టర్ థార్న్‌కోంబ్.

కిందటి ఎన్నికల్లో ఆయన ఆసుపత్రి గుమ్మంలో నిలబడి, "పురుళ్ల వార్డు మూయనివ్వను" అని మాటిచ్చాడు. మూసేశారు. లొరేన్ కూతురు పొరుగూరి ఆసుపత్రికి వెళ్తూ కొండదారిలో, అంబులెన్సులోనే ప్రసవించింది. ఆ తర్వాత ఎంపీ ఊళ్లో మొహం చూపించడమే మానేశాడు. మళ్లీ ఎన్నికలొచ్చాయి. అభ్యర్థులందరూ చర్చి హాల్లో జనం ముందుకు రావాలంటే థార్న్‌కోంబ్ తనకి తీరిక లేదన్నాడు. పిరికివాణ్ణి కోడి అని వెక్కిరించడం ఆ దేశంలో అలవాటు. "అయితే పిరికికోడి అని ఊరంతా కూయాల్సిందే" అని ఎదుటి పార్టీవాళ్లు ఆ వేషం తెప్పించారు. వేసుకోవడానికి ముందుకొచ్చింది లొరేన్ ఒక్కతే.

"ఈ వయసులో నీకిదేం పిచ్చే? క్లబ్బులో నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అని మొగుడు డెరిక్ తల పట్టుకున్నాడు.

"ఎక్కడైనా పెట్టుకో. నా మొహం మాత్రం ఈ ముక్కు వెనకాల భద్రంగా ఉంటుంది" అంది లొరేన్.

ఆ రోజు నుంచి థార్న్‌కోంబ్ ఎక్కడికి వెళితే కోడి అక్కడికి వెళ్లింది. ఆయన రొట్టెల దుకాణంలో చేతులు కలుపుతుంటే అద్దానికి అవతల రెక్కలు కొట్టింది. "ఎంపీ గారూ! చర్చి హాలుకి దారి మర్చిపోయారా? నేను తీసుకెళతా రండి!" అని అరిచింది. జనం పగలబడి నవ్వారు. ఆయన కారెక్కేశాడు. ఆ బొమ్మ పత్రికలో పడింది.

అప్పుడు ఎదుటి పార్టీ లండన్ ఆఫీసు నుంచి ఇమోజెన్ అనే అమ్మాయి అట్టపెట్టె నిండా కరపత్రాలు తెచ్చింది. థార్న్‌కోంబ్‌ని భార్య వదిలేసి వెళ్లిన సంగతి వాటి మీద పెద్దక్షరాలతో ఉంది. "ఇంటావిడే నమ్మలేదు, మీరెలా నమ్ముతారు?" అని దానికో తోక.

లొరేన్ ఒకటి తీసి చదివి, మళ్లీ పెట్టెలో పడేసింది. "ఇవి నేను పంచను."

"ఊరంతా అతన్ని అసహ్యించుకుంటోందండీ. ఇంకొక్క దెబ్బ వేస్తే లేవడు."

"నేనడిగేది వార్డు సంగతి తల్లీ. ఆయన పడకగది సంగతి కాదు. ఇవి వీధిలోకి వచ్చాయంటే, ఈ వేషం సంత నడిబొడ్డున విప్పేస్తాను. ఎందుకు విప్పానో అందరికీ చెప్తాను కూడా."

ఇమోజెన్ పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయింది.

సభ రోజున హాలు కిక్కిరిసిపోయింది. పత్రికలో అంత నవ్వులపాలయ్యాక ఇక తప్పించుకోలేననుకున్నాడో ఏమో, థార్న్‌కోంబ్ వచ్చాడు. మైకు దగ్గరికి వెళ్లాడో లేదో కేకలు మొదలయ్యాయి. "దిగిపో! అబద్ధాలకోరు!" ఆయన పెదాలు కదులుతున్నాయి కానీ మాట వినపడలేదు.

ముందు వరసలో కోడితల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న లొరేన్ కుర్చీ ఎక్కి నిలబడింది.

"నోళ్లు ముయ్యండి!"

ఒకప్పుడు భోజనాల గదిలో వందలమంది పిల్లల్ని ఆపిన గొంతు అది. ఆ పిల్లల్లో సగం మంది ఇప్పుడు హాల్లోనే ఉన్నారు. ఠక్కున ఆగారు.

"ఈయన్ని రమ్మని ఊరంతా తిరిగి కూసింది నేను. వచ్చాడు. చెప్పేది వినండి. తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు తిట్టుకోండి." అని ఆయన వైపు తిరిగింది. "అయ్యా, వార్డు మూసేటప్పుడు మీరేం చేశారు?"

థార్న్‌కోంబ్ చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మా పార్టీ చెప్పినట్టే, పార్లమెంటులో మూయడానికే ఓటేశాను. మీకిచ్చిన మాట తప్పాను. ఆ మాట మీ ముందు చెప్పుకోవడానికి భయపడే ఇన్నాళ్లూ రాలేదు."

చప్పట్లు లేవు, కేకలూ లేవు. వెనక నుంచి ఒక ముసలాయన మాత్రం, "అప్పుడే చెప్పాల్సింది నాయనా" అన్నాడు.

ఇంటికి వెళ్లేటప్పుడు డెరిక్ కోడితలని తన చంకలో పెట్టుకుని, క్లబ్బు ఉన్న పెద్దవీధి మీదుగానే నడిచాడు. తలుపు దగ్గర నిలబడ్డ స్నేహితులకి "మా ఆవిడే" అన్నాడు, ఎవరూ అడగకపోయినా.

థార్న్‌కోంబ్ ఓడిపోయాడు. ఆ కబురు రేడియోలో విని లొరేన్ ఎగిరి గంతెయ్యలేదు. మనసు నిండుగా ఉంది. జవాబు చెప్పాల్సినవాడు ఊరందరి ఎదుటా నిలబడి చెప్పాడు. అడిగింది తను, అదీ ఎవరి కొంపా కూల్చకుండా.

ఎదుటి పార్టీ తరఫున గెలిచిన నోరీన్ రామ్స్‌డెన్ మర్నాడు కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చింది. లొరేన్ టీ పోసి, బిస్కెట్ల పళ్లెం ముందుకు జరిపింది.

"అది సరేనమ్మా, వార్డు గురించి హాల్లో మాతో ఎప్పుడు మాట్లాడతావు?" అంది.

నోరీన్ నవ్వబోయి, ఆవిడ కళ్లలోకి చూసి ఆగిపోయింది. కప్పు కింద పెట్టి, "వచ్చే శనివారం" అంది.